ఆయన ఆదివారం కొట్టారు, నేను సోమవారం పడ్డాను

దాదాపు ఒక ఏడాదిపాటు సంగారెడ్డిలో బడికి వెళ్ళే పిల్లలంతా నన్ను తన్నారు. కాలితో తన్నారు, చేత్తో గుద్దారు, కత్తి పిడితో నెత్తి మీద మొట్టారు. తన్నినవాళ్ళే మర్నాడు బస్టాండులో ఎదురైతే "నమస్తే మేడం" అనేవారు. నేను కూడా నమస్తే చెప్పి బస్సెక్కేదాన్ని.

ఎందుకంటే అప్పట్లో నేను ఒక కంప్యూటర్ ఆటలో బొమ్మను. గీసిన బొమ్మను కాదు. నన్నే, చున్నీ నడుముకు బిగించి కట్టుకోమని, డాబా మీద ఎండలో నిలబెట్టి వీడియో తీసి ఆ ఆటలో పెట్టారు. పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరి మీదా నేరం మోపడానికి లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మా నాన్నది గుంటూరు వైపు పల్లెటూరు. సర్కారు ప్లాంటులో ఉద్యోగం వచ్చాక అమ్మను తీసుకుని పటాన్‌చెరు పక్కకు వచ్చి క్వార్టర్లలో దిగారు. నేను అక్కడే పుట్టి పెరిగాను. సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్తే నన్ను "తెలంగాణా పిల్ల" అనేవారు. ఇక్కడికి వస్తే "ఆంధ్రా మేడం" అనేవారు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ డిప్లొమా చేసి, సంగారెడ్డి బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే పనిలో చేరాను. రోజూ బస్సులో వెళ్ళాలి. ఇస్నాపూర్ దగ్గర మందుల ఫ్యాక్టరీల వాసన వచ్చేసరికి బస్సులో ఆడవాళ్ళందరి కొంగులూ చున్నీలూ ఒక్కసారి ముక్కులకు ఎక్కేవి. రుద్రారం దాటాక దిగేవి.

సెంటర్ ఒక స్టీలు సామాన్ల కొట్టు పైన ఉండేది. దాని యజమాని కొండాపూర్ దగ్గర ఒక పల్లె మనిషి. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేసి, అది మూతపడ్డాక ఈ సెంటర్ పెట్టాడు. అందరూ ఆయన్ను సార్ అనేవాళ్ళు. సార్‌కు కంప్యూటర్ ఆన్ చెయ్యడం వచ్చు, ఆఫ్ చెయ్యడం వచ్చు. ఆ రెంటి మధ్యలో జరిగేదంతా మేడం చూసుకుంటుందని ఆయన నమ్మకం. అయితే మనిషికి ఉత్సాహం మాత్రం చాలా ఎక్కువ.

పొద్దున పాఠాలు, సాయంత్రం ఆటలు. సాయంత్రాలు బడిపిల్లలు వచ్చి కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు. వాళ్ళకు బాగా నచ్చిన ఆటలో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి తన్నుకుంటారు. ఒక సాయంత్రం సార్ టీ గ్లాసు పట్టుకుని పిల్లల వెనక నిలబడి, మొదటిసారి ఆ ఆటను సరిగ్గా చూశాడు. టీ తాగడం మానేశాడు.

"మేడం, గీల్లు బొమ్మలు గాదు. మనుషులు!"

"అవును సార్. నటులకు వేషాలు కట్టించి, ఒక్కొక్క దెబ్బా వీడియో తీసి, అందులోంచి ఫొటోలు కత్తిరించి పెడతారట. ఒక పత్రికలో చదివాను."

"అంటే గీడ తన్నులు తింటున్నోడు నిజంగ యాడనో ఉన్నడా?"

"ఉండే ఉంటాడు సార్. అమెరికాలో."

"గిప్పుడు ఇంటికాడ కూసొని అన్నం తింటుండొచ్చు."

"తింటుండొచ్చు."

సార్ నా వంక తిరిగి, "మరి మన దగ్గర మనుషుల్లేరా మేడం?" అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మన మనుషుల్ని పెట్టి ఆట చేస్తే సంగారెడ్డి పిల్లలే కాదు, సదాశివపేట, జోగిపేట పిల్లలు కూడా మన సెంటర్‌కే వస్తారని ఆయన లెక్క. నాకు ప్రోగ్రామింగ్ వచ్చు, చిన్న ఆటలు అంతకుముందు సరదాకు రాసి ఉన్నాను. చెయ్యగలనా అని అడిగితే చెయ్యగలను అన్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో చెయ్యలేను అనే మాట నోటికి రాదు.

మొదట ఊళ్ళో కరాటే నేర్పే మాస్టారును పిలిచాం. ఆయన సెంటర్ పైన డాబా మీదికి వచ్చి, నటన తనకు చేతకాదని, నిజంగా కొట్టడమే తెలుసని చెప్పి, అక్కడ మిగిలి ఉన్న పెంకులన్నీ పగలగొట్టి, చేతికి కట్టు కట్టించుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

అప్పుడు సార్‌కు వాళ్ళ ఊరి పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయన భాగోతంలో రాజు వేషం కడతాడు. మీసం రాకముందు నుంచీ కడుతున్నాడట. మిగతా రోజుల్లో పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. నేను సార్‌తో కలిసి అడగడానికి వెళ్ళినప్పుడు ఒక లారీ గేటు ముందు ఆగి ఉంది. ఖాకీ బట్టల్లో ఉన్న ఆ పెద్దాయన డ్రైవర్ ఇచ్చిన చీటీ చూసి, చెయ్యి నెమ్మదిగా చాచి, "లోపటికి పోవచ్చు" అన్నాడు. ఆ గొంతు విని డ్రైవర్ లారీ మీంచి దిగి దండం పెడతాడేమో అనిపించింది.

సార్ విషయం చెప్పాడు. "కాకా, నిన్ను కంప్యూటర్ల పెడ్తం."

"వేషం కట్టాల్నా?"

"కట్టాలె."

"గజ్జెలు?"

"అవి గూడ."

"ఎదురు ఎవలు?"

సార్ అటూ ఇటూ చూసి, చివరికి నన్ను చూశాడు. ఆ చూపు అర్థమై నేను రెండడుగులు వెనక్కి వేశాను.

మా ఇంట్లో అడగడానికి సార్ స్వయంగా క్వార్టర్‌కు వచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చి, విషయం విని, కాఫీ ఇచ్చినందుకు బాధపడింది.

"మగవాళ్ళతో కొట్లాటలేవిటండీ? రేపు పెళ్ళి కావాల్సిన పిల్ల!"

సార్ చాలా మర్యాదగా చెప్పాడు. "అమ్మా, మీరు పరేషాన్ గావద్దు. ఇద్దరు ఒకల్నొకలు ముట్టుకోరు. అసలు ఒకే దినం ఉండనే ఉండరు. ఆయన ఆదివారం కొడ్తడు, మేడం సోమవారం పడ్తది. మిగిలింది కంప్యూటర్ సూసుకుంటది."

అమ్మకు ఈ మాట అర్థం కావడానికి సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నవ్వాక కాదనడం కష్టమైంది. పేపర్ చదువుతున్న నాన్న తల ఎత్తకుండా, "కొట్టేది ఎవర్నీ?" అని అడిగారు.

"ఒక రాజుగారిని నాన్నా."

"సరే అయితే" అని పేజీ తిప్పారు.

అమ్మ ఒక షరతు పెట్టింది. షూటింగ్ ఉన్న ప్రతిరోజూ తను కూడా వస్తుంది.

వీడియో తీయడానికి పెళ్ళి వీడియోలు తీసే ఆయన దొరికాడు. కెమెరా ఆయనదే, టేపు నుంచి కంప్యూటర్లోకి ఎక్కించే సామాను కూడా ఆయన దగ్గరే ఉంది. వెనకాల ఒకే రంగు గుడ్డ కట్టి తీస్తే, కంప్యూటర్లో ఆ రంగును చెరిపేసి మనిషిని మాత్రం మిగుల్చుకోవచ్చని నేను చదివాను. సార్ నీలం దుప్పటి తెచ్చాడు. మొదటి ఆదివారం పెద్దాయన రెండు చేతుల్లో రెండు ట్రంకు పెట్టెలతో మెట్లెక్కి వచ్చి, నీళ్ళ ట్యాంకు వెనక చాలాసేపు ముస్తాబై బయటకొచ్చాడు. కిరీటం, భుజకీర్తులు, మెడనిండా పూసలు, ముఖానికి పసుపు ఎరుపు రంగులు. పక్క డాబాల మీద మిరపకాయలు ఎండబోస్తున్న ఆడవాళ్ళు పని ఆపేసి గోడల దగ్గరికి వచ్చారు. ఆయన వాళ్ళందరికీ ఒకసారి చెయ్యి ఎత్తి చూపించాడు.

ఒంటి మీద అంగీ మాత్రం నీలం మఖ్మల్.

ఆ సంగతి నాకు తట్టలేదు. సాయంత్రం కంప్యూటర్లో నీలం రంగు చెరిపేసేసరికి ఒక తలకాయ, రెండు చేతులు, గజ్జెల కాళ్ళు మిగిలాయి. మధ్యలో రాజు లేడు. దానికి తోడు వీడియో ఆయన అలవాటు కొద్దీ టేపును పెళ్ళి టేపులాగే తయారు చేసి ఇచ్చాడు. తలకాయ ఒక ప్రేమ గుర్తులోంచి బయటికి వచ్చేది. చేతుల మీద గులాబీ రేకులు రాలేవి.

"గివి ఫ్రీ మేడం" అన్నాడు వీడియో ఆయన. "అందరికీ ఏస్త."

రెండో ఆదివారం చిలకాకుపచ్చ గుడ్డ కట్టాం. అంగీ బాగానే వచ్చింది కానీ కిరీటంలో ఆకుపచ్చ రాళ్ళున్నాయి. అవి చెరిగిపోయి కిరీటానికి చిల్లులు పడ్డాయి. ఇక గుడ్డల జోలికి పోకుండా, ఆ చిల్లుల్ని నేనే మౌసుతో ఒక్కొక్కటీ పూడ్చుకున్నాను.

ఆ రెండో ఆదివారమే అసలు షూటింగ్. కష్టం గుడ్డతో కాదు, పెద్దాయనతో వచ్చింది. ఆటలో మీట నొక్కగానే దెబ్బ పడాలి. ఈయన దెబ్బ కొట్టే ముందు రెండడుగులు వెనక్కి వేసి, గజ్జెలు ఘల్లుమనిపించి, మీసం దువ్వి, "ఓరోరీ!" అని మొదలుపెట్టి, తాను ఎవరో, తన తండ్రి ఎవరో చెప్పి, అప్పుడు కత్తి ఎత్తేవాడు.

"పెద్దాయనా, అంత టైము ఉండదండీ. ఊరికే కొట్టెయ్యండి" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. "చెప్పకుంట కొడ్తే ఎట్ల బిడ్డా? కొట్టేది ఎవలో వానికెట్ల తెలుస్తది?"

"వాడికి తెలియక్కర్లేదండీ."

"తెల్వకుంట కొట్టేటోడు దొంగ. నేను రాజును."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. దెబ్బలు మాటల్లేకుండా కొడతాడు. మీట ఏదీ నొక్కకుండా ఊరికే ఉన్నప్పుడు మాత్రం ఆయనకు నచ్చినట్టు నిలబడతాడు. అలా ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఇంకో చేత్తో మీసం దువ్వుతూ, కాలి మడమతో గజ్జెలు ఆడిస్తూ నిలబడ్డది తీశాం. ఆటంతటిలో పిల్లలకు బాగా నచ్చింది అదే. చాలామంది ఆడటం మానేసి, రాజు మీసం దువ్వడం చూస్తూ కూర్చునేవారు.

మధ్యాహ్నానికి గుద్దడం, తన్నడం, కత్తి విసరడం, దెబ్బ తగిలి వెనక్కి తూలడం అన్నీ అయ్యాయి. మిగిలింది కింద పడటం.

"ఇప్పుడు మీరు ఓడిపోయారండీ. ఈ పరుపు మీద పడిపోవాలి."

పెద్దాయన పరుపు వంక చూశాడు. నా వంక చూశాడు. "నేను పడనే పడ" అన్నాడు.

సార్ వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలాడు. "కాకా, అందరు పడాలెనే. పడకుంటే ఆట ఒడవది, నడుస్తనే ఉంటది."

"ఇన్నేండ్ల సంది వేషం కడ్తున్న. ఏ ఊర్ల పడలే. గీ డాబా మీద పడాల్నా? అగో, ఆడోళ్ళంత సూస్తున్నరు." పక్క డాబాల వైపు చూపించాడు. ఆడవాళ్ళు కూడా తలలూపారు. ఒకామె "పడకు తాతా!" అని అరిచింది.

సార్ నీళ్ళు తాగాడు. నేను ఎండలో పరుపు మీద కూలబడ్డాను. రెండు వైపులా గెలుపు ఉన్న ఆట ఎలా రాయాలో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అప్పుడు పెద్దాయనకే జాలేసినట్టుంది.

"భాగోతంల రాజు పని అయిపోతే ఏం జేస్తరో ఎరుకేనా బిడ్డా? ఇద్దరు మనుషులు తెర వట్టుకొని ముందట నిలవడ్తరు. తెర తీసేటాల్లకు రాజు ఉండడు. గట్ల జెయ్యుండ్రి. పోతడు. పడడు."

నాకూ సార్‌కూ ఇంకో దారి లేదు. ట్రంకు పెట్టెలోంచి అంచు చినిగిన ఎర్ర తెర బయటికి వచ్చింది. సార్ ఒక కొస, మా అమ్మ ఇంకో కొస పట్టుకున్నారు. కూతురి పరువు కాపాడటానికి వచ్చిన మా అమ్మ ఆ విధంగా తనూ ఆటలోకి ఎక్కింది. ఆ ఆట ఉన్నన్నాళ్ళూ రాజు ఓడినప్పుడల్లా ఒక పక్క నుంచి ప్యాంటు చొక్కాలో సార్, ఇంకో పక్క నుంచి వెంకటగిరి చీరలో మా అమ్మ తెర పట్టుకుని వచ్చి నిలబడేవారు.

మర్నాడు సోమవారం నా వంతు. సెంటర్‌కు సెలవు ఇచ్చేశాం. చున్నీ నడుముకు కట్టి, జడ ముందుకు వేసుకుని నిలబడ్డాను. వీడియో ఆయన కెమెరా భుజం మీద పెట్టుకుని, "మేడం, తలకాయ జెర వంచుండ్రి, సిగ్గువడ్డట్టు" అన్నాడు.

"ఇది పెళ్ళి కాదండీ, కొట్లాట."

"అవునవును. ఆదత్ అయిపోయింది."

నేను గుద్దాను. అమ్మ పకపకా నవ్వింది. "ఏవిటే ఆ కొట్టడం? కాకిని తోలుతున్నట్టు! చెయ్యి వెనక నించి రావాలి. దుప్పటి ఉతకడం ఎప్పుడైనా చూశావా నువ్వు?" అని కొంగు దోపి ముందుకొచ్చి, లేని దుప్పటిని లేని బండకేసి ఒక్క బాదు బాదింది. గోడ దగ్గరి ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ బాదుడే నేను నేర్చుకుని చేశాను. నా పెద్ద దెబ్బ పేరు సార్ "ఉతుకుడు" అని పెట్టాడు.

రాజుకు కత్తి ఉంది, నాకు ఏదో ఒకటి ఉండాలి కదా. కంప్యూటర్ మేడం కాబట్టి ఫ్లాపీలు విసురుతుందని నిర్ణయించాం. పాడైన ఫ్లాపీలు సెంటర్లో కుప్పలుగా ఉండేవి. నేను వాటిని పక్క డాబా మీదికి విసురుతుంటే మిరపకాయల్లోంచి ఏరి ఆ ఆడవాళ్ళే వెనక్కి వేసేవారు. ఇక పడటం విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. నాకు రాజ్యం లేదు. సరిగ్గా రాలేదని వీడియో ఆయన మళ్ళీ మళ్ళీ పడమన్నాడు. ఆ రాత్రి అమ్మ నా వీపుకు కాపడం పెడుతూ, "ముట్టుకోకుండానే ఇంత దెబ్బ కొట్టాడు మీ రాజు" అంది.

ఆ తర్వాత వారాల తరబడి కత్తిరింపు. వీడియోలోంచి ఒక్కొక్క బొమ్మ తీసి, అంచులు శుభ్రం చేసి, వరుసగా పెట్టాలి. పొద్దస్తమానం నన్ను నేనే చూసుకోవాల్సి వచ్చేది. కొడుతున్నప్పుడు నాలుక బయటికి పెడతానని అంతకుముందు నాకు తెలియదు. ఆటకు "కొట్లాట" అని పేరు పెట్టి సార్ మెట్ల దగ్గర బోర్డు కట్టించాడు. ఒక పక్క రాజు, ఒక పక్క నేను, నా నాలుకతో సహా.

పిల్లలు విరగబడ్డారు. సార్ అనుకున్నట్టు జోగిపేట నుంచి రాలేదు గానీ, సంగారెడ్డిలో ఒక్కరూ మిగల్లేదు. అయితే రోజూ ఒక తగాదా వచ్చేది. రాజును ఆడుతున్నవాడు ఓడగానే తెర వచ్చేది కదా. వాడు ఒప్పుకునేవాడు కాదు. "మా రాజు ఓడలే. తెరెనుకకు పోయిండు" అనేవాడు. రెండోవాడు, "పోయిండంటే ఓడినట్టేరా" అనేవాడు. ఇద్దరూ నా దగ్గరికి వచ్చేవారు. నేను తీర్పు చెప్పలేక సార్ దగ్గరికి పంపేదాన్ని. సార్ ఇంకా తెలివిగా, "మేడం వాళ్ళ అమ్మను అడుగుండ్రి, తెర వట్టింది ఆమెనే" అనేవాడు.

నాకు బయట కూడా కొంత పేరొచ్చింది. ఒక సాయంత్రం ఇంటికి వెళ్ళే బస్సులో బాగా రద్దీగా ఉంది. వెనకనున్న మనిషి కావాలనే మీదికి ఒరుగుతున్నాడు. జరగమంటే విననట్టు నటించాడు. నేను ఏమీ అనకుండా చున్నీ తీసి నడుముకు బిగించి కట్టుకున్నాను. అది కేవలం కోపంతో చేసిన పని. కానీ వెనక సీట్లోంచి ఎవడో బడిపిల్లవాడు కేక పెట్టాడు. "ఓ అన్నా, జరుగు! ఆ మేడం ఉతుకుతది!" బస్సంతా తిరిగి చూసింది. ఆ మనిషి పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో దిగిపోయాడు. అతని ఊరు అది కాదని నాకు గట్టి అనుమానం.

ఇంతలో పెద్దాయన ఊళ్ళో తమ రాజు కంప్యూటర్లో ఉన్నాడని తెలిసింది. ఒక ఆదివారం ట్రాలీ నిండా జనం ట్రాక్టర్ మీద దిగారు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి పైకొచ్చారు. ఒక ముసలమ్మ మానిటర్‌కు దండం పెట్టింది. పెద్దాయన తెల్ల ధోవతి కట్టుకుని అందరి కంటే వెనక వచ్చాడు. అప్పుడు ఒక పిల్లవాడు నన్ను పెట్టుకుని ఆడుతున్నాడు. సరిగ్గా అందరూ చూస్తుండగా నేను రాజును మూలకు తోసి ఉతికేశాను.

ముసలమ్మ బొమ్మను చూసింది, గోడ పక్కన చాక్‌పీసుతో నిలబడ్డ నన్ను చూసింది.

"ఏంది బిడ్డా, గట్ల కొడ్తివి?"

"నేను కాదమ్మా, ఆ పిల్లాడు కొట్టాడు."

"నువ్వే ఉంటివి గదా!"

పెద్దాయన ముందుకొచ్చి కుర్చీ జరుపుకున్నాడు. "నేనే ఆడుత. నన్ను నేనే ఆడుత. మేడం, నువ్వు గూసో." ఒకే కీబోర్డు ముందు ఇద్దరం మోచేతులు తగిలేలా కూర్చున్నాం. సోమవారాలూ ఆదివారాలూ లేకుండా మేమిద్దరం ఎదురెదురుగా కొట్టుకోవడం అదే మొదలు.

పిల్లలు ఆయనకు మీటలు చూపించారు. ఆయన ఒక్క వేలితో కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కేవాడు. నొక్కడం కంటే మాట్లాడటం ఎక్కువ. "ముందుకు పో! పోవేంది? అగో, వెనుకకు తిరిగినవ్! వాడు నా మాట ఇంటలేడు!" అని సార్‌తో ఫిర్యాదు చేశాడు. రాజు మాత్రం గోడ వైపు తిరిగి గాలిని నరుకుతున్నాడు. ఓడిపో అని సార్ నాకు కళ్ళతో సైగ చేశాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన కత్తి నా బొమ్మ దాకా వస్తే కదా! టైము అయిపోయి ఎవరూ గెలవలేదు. రెండోసారీ ఆట తెగేలా లేకపోతే తప్పక నేను ఒక ఫ్లాపీ, ఇంకో ఫ్లాపీ విసరాల్సి వచ్చింది. సార్, మా అమ్మ తెర పట్టుకుని వచ్చారు.

పెద్దాయన ఆ తెరను పరీక్షగా చూశాడు. "మీ అమ్మ మంచిగ వట్టింది. వీనికే రాదు, కొస కిందికి జారుతున్నది" అన్నాడు సార్‌ను చూపిస్తూ. తర్వాత కుర్చీలో సర్దుకున్నాడు. "ఇగ నువ్వు రాజువయిపో. నేను నువ్వయిత."

మార్చుకున్నాం. ఆయన వేలు ఏదో మీట మీద పడింది. ఫ్లాపీ ఎగిరి వెళ్ళి రాజు ఛాతీకి కొట్టుకుంది. రాజు తూలాడు. పెద్దాయన ఉలిక్కిపడి వేలు తీసేశాడు. మళ్ళీ మెల్లగా పెట్టాడు. ఇంకో ఫ్లాపీ. ఈసారి నవ్వాడు. అంతకుముందు ఆయన నవ్వడం నేను చూడలేదు. రాజులు నవ్వితే మీసం చెడిపోతుందేమో అనుకునేదాన్ని. "దొరికిండురా!" అంటూ మీట మీద వేలు తియ్యకుండా నొక్కుతూనే ఉన్నాడు. ఫ్లాపీలు వానలా పడ్డాయి. నేను రాజును కాపాడాలని నిజంగానే ప్రయత్నించాను. వల్ల కాలేదు. తెర వచ్చింది. ఊరివాళ్ళకు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియలేదు. ముసలమ్మ మాత్రం, "గెలిసింది మనోడేనా, ఓడింది మనోడేనా?" అని అందర్నీ అడిగింది.

ఆ తర్వాత పెద్దాయన డ్యూటీ దిగి తరచు వచ్చేవాడు. ఎప్పుడూ నన్నే పెట్టుకునేవాడు. రాజును ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఒకరోజు ఎందుకని అడిగాను.

"ఆ కిరీటం ఎంత బరువో నీకెరుక లేదు బిడ్డా. ఆన్ని సూస్తెనే నాకు మెడ గుంజుతది. నువ్వు తేలిక" అని, ఉతుకుడు మీట ఏదో ఇంకోసారి చూపించమన్నాడు.

ఆట బాగా నడవడంతో సార్ రెండో భాగం మొదలుపెట్టాడు. ఈసారి ఊళ్ళో చాలామంది వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. మిర్చి బజ్జీల ఆయన గరిటెతో, కండక్టర్ విజిల్‌తో, టైలర్ టేపుతో. అందరూ బ్రహ్మాండంగా కొట్టారు. పరుపు దగ్గరికి వచ్చేసరికి అందరికీ పెద్దాయన తెర గుర్తొచ్చింది. బజ్జీల ఆయన తనకు పొగ రావాలన్నాడు, ఆ పొగలో మాయమవుతాడట. కండక్టర్ తన కోసం బస్సు రావాలన్నాడు. టైలర్ అయితే అసలు ఓడే ప్రసక్తే లేదన్నాడు. పడటానికి నేను ఒక్కదాన్నే మిగిలాను. ఒక్క మనిషి పడే ఆట ఎంతకని ఆడతారు? ఆ వేసవిలోనే ఊళ్ళో ఇంటర్నెట్ వచ్చింది. సార్ గదిని చెక్కలతో చిన్న చిన్న అరలు చేయించి, ఒక్కో అరలో ఒక్కో కంప్యూటర్ పెట్టాడు. ఏదో వైరస్ వచ్చి అన్నిటినీ కొత్తగా సర్దాల్సి వచ్చినప్పుడు ఆట చెరిగిపోయింది. నా దగ్గర దాచుకున్న కాపీ కూడా ఫ్లాపీల్లోనే ఉండేది. అవి తెరుచుకోలేదు. కొన్నాళ్ళకు నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి సంగారెడ్డి వెళ్ళడం మానేశాను.

పెద్దాయనను చివరిసారి చూసింది పటాన్‌చెరు బస్టాపులో. నా పెళ్ళయ్యి అప్పటికి ఒక ఏడాది. ఆయన ఉద్యోగం మానేశాడు, మీసం తెల్లబడింది. పక్కన ఒక పెద్దావిడ కూరగాయల సంచితో నిలబడి ఉంది. ఆయన నన్ను చూడగానే గుర్తుపట్టి, ఆవిడ భుజం తట్టి ఎంతో సంబరంగా చెప్పాడు.

"అగో, నేను చెప్పలే? గీ మేడమే. గీమె నేనే!"

ఆవిడ నన్ను కాళ్ళ నుంచి తలదాకా చూసింది. నేను నమస్కారం పెట్టాను. ఆవిడ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "మేడం లెక్క ఉంటే మంచిగనే ఉంటడు బిడ్డా. ఇంటికొచ్చినంక మల్ల రాజయితడు" అంది.

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. ఆవిడ సంచిని ఆయన చేతిలో పెట్టింది. ఇంతలో కొండాపూర్ వైపు వెళ్ళే బస్సు వచ్చింది. ఆవిడ ముందు ఎక్కింది, ఆయన సంచి మోసుకుంటూ వెనక ఎక్కి, కిటికీలోంచి నాకు చెయ్యి ఊపాడు.